తిట్టినా లేచిపోని తల్లి

మొన్నొకనాడు మా చిన్నబిడ్డ కార్ల గోదావరిఖని మీదికెల్లి పోతుంటే, "అమ్మా, నువ్వు పుట్టిపెరిగిన ఇల్లు ఏడ ఉండేదో ఒక్కసారి చూపియ్యవే" అన్నది. కారు ఆపిచ్చి దిగిన. చెయ్యి చాపి చూపెడుదామంటే ఆ దిక్కు ఇల్లు లేదు, క్వార్టర్ల లైన్లు లేవు, మేం బిందెలు పెట్టి కొట్లాడుకున్న నల్లా లేదు. ఓపెన్‌కాస్టు గని కోసం పైకెల్లి తవ్వి పోసిన మట్టి గుట్టలెక్క లేచి ఉన్నది. దాని మీద తుమ్మచెట్లు మొలిచి, మేకలు మేస్తున్నయి. "గా గుట్ట కింద" అన్న. బిడ్డ నవ్వింది. అంతల గాలి మర్లింది. పొద్దుగాల పడ్డ వానకు తడిసిన బొగ్గు వాసన గుప్పుమన్నది. ఆ వాసనతోని మా వాడ, మా వాడ మనుషులు అందరు నా ముంగటికి వచ్చి నిలబడ్డరు.

మాది బొగ్గుబాయి కార్మికుల వాడ. బాయంటే నీళ్ల బాయి కాదు, మా దిక్కు గనిని బాయి అనే అంటరు. "బాయి మీదికి పోయిండు" అంటే డ్యూటీకి పోయిండని. "బాయి దిగిండు" అంటే భూమి లోపలికి పోయిండని. గడియారం మా ఇండ్లల్ల ఉండకపోయేది. సైరన్ మోగితే లేచుడు, సైరన్ మోగితే వండుడు. మాపటికి ప్రతి గడప ముంగట బొగ్గుల పొయ్యి అంటుకునేది. ఆ పొగ లైను మీద దుప్పటి కప్పినట్టు పరుచుకుంటే, అండ్లకెల్లి ఎవలింట్ల ఏం వండుతున్నరో మాకు వాసన మీదనే తెలిసేది. ఒకింట్ల ఎల్లిపాయ కారం, ఒకింట్ల చింతచిగురు పప్పు, మా ఇంట్ల మా బాపమ్మ కాల్చే జొన్నరొట్టె. బాపమ్మ అంటే మా బాపును కన్నతల్లి. రొట్టె మాడిన అంచు విరిచి నాకిచ్చి "కరకర నములు, పండ్లు గట్టిగైతయి" అనేది. తనకేమో పండ్లు లేకపోయె.

బాపు ఫస్టు షిఫ్టు దిగొస్తుంటే ఎవలు ఎవలో గుర్తుపట్టరాకపోయేది. అందరి మొఖాలు నల్లగ, పండ్లు ఒక్కటే తెల్లగ. నేను మాత్రం నడక చూసి పట్టేదాన్ని. ఉరికిపోయి సద్ది డబ్బా గుంజుకునేదాన్ని. దాని మూతల ఎప్పుడన్న ఒక కొబ్బరిముక్క ఉండేది, బొగ్గు వాసన కొడుతుండేది. అది మైసమ్మ కొబ్బరి.

ఆ మైసమ్మ బాయి మూతి కాడ ఉండేది. గుడేం కాదు. యాపచెట్టు కింద సిమెంటు గద్దె, మీద రేకు, గద్దె మీద పసుపు రాసి బొట్లు పెట్టిన రాయి. ఏ షిఫ్టోళ్లయినా సరే, ఆ తల్లికి దండం పెట్టుకోకుంట కిందికి దిగకపోయేటోళ్లు. పొద్దున పచ్చగున్న తల్లి మాపటికి బొగ్గు దుమ్ము పడి నల్లగయ్యేది. బాపు నాకు చూపెట్టి అనేటోడు, "చూసినవా బిడ్డా, అమ్మ గూడ డ్యూటీ చేసొచ్చింది."

నాకొక దోస్తు ఉండె, పక్క క్వార్టరు చిన్నమ్మ బిడ్డ. మంగళారం, ఐతారం మైసమ్మ ముంగట ఆకుల్ల బెల్లమన్నం పెట్టిపోయేటోళ్లు. మేమిద్దరం కంచె సందులకెల్లి దూరి, ఆకులు ఊడ్చి తినేటోళ్లం. ఒకనాడు బాపు చేతికే దొరికినం. దోస్తు ఏడుపు మొదలు పెట్టింది. బాపు మా మూతులు తుడిచి, "తినుండ్రి, ఎవలొద్దన్నరు? కాని వచ్చినమని అమ్మకు చెప్పి తినుండ్రి. ఇంటికొచ్చి తల్లిని పలకరియ్యకుంట వంటింట్లకు దూరుతరా ఎవలన్న?" అన్నడు. ఆనాటి నుంచి మేం దండం పెట్టి మరీ తిన్నం.

మా అమ్మ గప్పుడు ఎంత నవ్వేదని. బాపు మాట అంటే చాలు, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆ నవ్వు లైను చివరి దాక వినబడుతుందని బాపమ్మ గులుగుతుండేది. గులుగుతనే తను గూడ నవ్వేది.

ఒక వానకాలం పొద్దున బాయి లోపల పైకప్పు కూలింది. దాని కింద బాపు ఉన్నడు. ఆయన ఒక్కడే. మిగిలినోళ్లను "ఉరుకుండ్రి" అని నూకిండట, తను ఉరికే సందు దొరకలేదట. ఇంటికి తెచ్చినప్పుడు మొఖం కడిగి తెచ్చిండ్రు. డ్యూటీ దిగొచ్చిన బాపు మొఖం అంత తెల్లగ ఉండుడు నేనెన్నడు చూడలే. అందుకే ఆయన మా బాపు కాదనుకున్న. బయటికి పోయి, దిగొచ్చేటోళ్ల నడకలు చూసుకుంట నిలబడ్డ. బాపమ్మ వచ్చి నన్ను ఎత్తుకొని లోపలికి తీసుకపోయింది.

దినాలైపోయినయి, చుట్టాలు పోయిండ్రు. అమ్మ మాట బందైంది. ఏడ్వకపోయేది గూడ. అన్నం కలిపి నాకు పెట్టేది, తను మాత్రం ఇంత నీళ్లు తాగి లేచేది. ఒకనాడు గోడ మీది మైసమ్మ ఫోటో తీసి, పాత చీరల చుట్టి, సందుగుల అడుగున పెట్టి మూత వేసింది. బాపమ్మ చూసింది. ఆమె మాత్రం మంగళారం మంగళారం కట్టె పొడుసుకుంట బాయి మీదికి పోయి, తల్లికి దండం పెట్టుకొని వచ్చుడు మానలే.

ఒక మంగళారం అమ్మ తలుపుకు అడ్డం నిలబడ్డది. చాన దినాలకు నోరు తెరిచింది.

"నీ కొడుకును మింగినదాని కాడికి ఏ మొఖం పెట్టుకొని పోతవు అత్తా?"

బాపమ్మ కట్టె గోడకు ఆనిచ్చి, అట్లనే గడపల కూసున్నది.

"నా కడుపుల మంట నీ ముంగట పెడితే నువ్వు కూలుతవు బిడ్డా. నీది నా ముంగట పెడితే నేను కూలుత. ఇద్దరం కూలితే గీ పిల్లనెవలు చూస్తరు? ఆమె ఒక్కతే కూలది. అందుకే ఆమె కాడ పెట్టొస్తున్న" అన్నది. తర్వాత అడిగింది, "నువ్వు గూడ వస్తవా?"

అమ్మ పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది. పోలే.

కొన్ని నెలలకు బాపు బదులు అమ్మకు బాయి మీద పని ఇచ్చిండ్రు. లాంపు రూంల పని. దిగేటోళ్లకు నెత్తిలైట్లు అందిచ్చుడు, ఎక్కొచ్చినంక తీసుకొని చార్జింగుకు పెట్టుడు. గేటు నుంచి లాంపు రూముకు పోవాలంటే మైసమ్మ ముంగటికెల్లే తొవ్వ. అమ్మ ఆ కాడికి రాంగనే నెత్తి మీద చెంగు ఇంకింత గుంజుకొని, మొఖం అటు తిప్పుకొని పోయేది. బడి లేనినాడు సద్ది పట్టుకొని నేను పోతుంటి కాబట్టి చూసిన. నాకైతే భయమయ్యేది. అమ్మకు కనబడకుంట ఎనుకకెల్లి నేనే ఇద్దరి తరఫున దండం పెడుతుంటి.

అది ఎండకాలం. మా దిక్కు ఎండలు తెలిసినవే గదా, చెప్పుల్లేని కాలు నేల మీద ఆనదు. అమ్మ డ్యూటీ అయిపోయింది, నేను ఖాళీ డబ్బా పట్టుకొని పక్కన నడుస్తున్న. గద్దె కాడికి వచ్చినంక అమ్మ కాళ్లు ఆగినయి. మొఖం తిప్పుకోలే. ఎవరో కొత్త పెండ్లికొడుకు, చేతులకు పసుపుదారం అట్లనే ఉన్నది, తల్లికి దండం పెట్టి దిగబోతున్నడు. వాణ్ని చూసింది. గంతే, కట్ట తెగినట్టు తెగింది.

"ఈయనకు గూడ మాటిచ్చినవా? మా ఆయనకు ఇచ్చినట్టే ఇచ్చినవా? ఒక్క పొద్దన్న నీకు మొక్కకుంట దిగిండా ఆయన? నీ మీది దుమ్ము తన రుమాలుతోని తుడిచేటోడు గదనే! కొండంత బండ పడుతుంటే నీ చెయ్యి ఏడ పెట్టుకున్నవు? చెప్పు! నాకు చెప్పు!"

సెకండు షిఫ్టోళ్లందరు నిలబడిపోయిండ్రు. ఒకాయన ముంగటికి రాబోతే, షిఫ్టు మనుషులను చూసుకునే సర్దారు చెయ్యి అడ్డం పెట్టిండు. "అడగనియ్యి. ఆమెకు అడిగే హక్కున్నది" అన్నడు. అమ్మ తిట్టింది. గొంతు పోయేదాక తిట్టింది. గొంతు పోయినంక నోరు మాత్రం కదులుతున్నది, శబ్దం వస్తలేదు. చివరికి గద్దె కాడ కూలబడి, ఆ రాయికి నెత్తి ఆనిచ్చి ఏడ్చింది. బాపు పోయిననాటి నుంచి రాని ఏడుపు అంతా ఆ పొద్దు వచ్చింది. ఏడ్చి ఏడ్చి అట్లనే నిద్రపోయింది.

నేను లేపబోయిన. సర్దారు "లేపకు బిడ్డా, పండుకోని" అని, తన తువ్వాలతోని అమ్మ మీద ఎండ పడకుంట రేకుకు పరదా లెక్క కట్టిండు. అందరు ఒక్కొక్కలే చప్పుడు చెయ్యకుంట, చెప్పులు చేతుల పట్టుకొని ఆమె పక్కకెల్లి నడిచి బాయి దిగిండ్రు. చెప్పులు చేతుల పట్టుకొని అంతమంది మొగోళ్లు పోవుడు ఇప్పటికీ నా కండ్ల ముంగట ఉన్నది.

నేను జరంత దూరంల యాపచెట్టు మొదట్ల కూసున్న. మా అమ్మ అంత నిమ్మళంగ పండుకునుడు చూడక ఎన్నాళ్లయ్యిందో. యాపపువ్వు గాలికి కొట్టుకొచ్చి ఆమె ఎంటికెల మీద పడుతున్నది. చాన సేపటికి లేచింది. మొఖం మీద పసుపంతా అంటుకొని ఉన్నది. నా దిక్కు చూసి అడిగింది.

"నా నెత్తి నిమిరినవా బిడ్డా?"

"లేదమ్మా, నేనీడనే కూసున్న."

అమ్మ మైసమ్మ దిక్కు చాన సేపు చూసింది. కొంగు తడిపి ఆ రాయి మీది దుమ్ము తుడిచింది. ఇంటికి పోయినంక కాళ్లు గూడ కడుక్కోకుంట, "అత్తా, ఆకలైతున్నది" అన్నది. బాపమ్మ పచ్చిపులుసు, అన్నం పెట్టింది. అమ్మ మల్ల అడిగి పెట్టిచ్చుకున్నది. తినుకుంట చెప్పింది, "నాకు జవాబు చెప్పలే అత్తా ఆమె. కాని లేచిపోలే. నేను ఎంత తిట్టినా ఎదురుంగనే కూసున్నది. గంతసేపు నా పక్కన ఎవలు కూసున్నరు?" సందుగుల ఉన్న ఫోటో ఆ మాపే గోడకెక్కింది.

అట్లని దుఃఖం పోలే. బాపు అంగీ కనబడితే అమ్మ పట్టుకొని కూసునేది. కాని ఇప్పుడు దుఃఖంల ఆమె ఒక్కతే లేదు. వంట చేసుకుంట, బట్టలు ఉతుక్కుంట ఆ తల్లితోని మాట్లాడేది. "ఇయ్యాల పిల్లకు జరం వచ్చింది, జర చూడు" అనేది. ఒక్కోసారి కొట్లాడేది గూడ. లాంపు రూంల లైటు చేతికిచ్చేటప్పుడు ప్రతి ఒక్కలకు "తల్లి తోడున్నది, పోయిరా అన్నా" అని చెప్పి పంపేది. ఆ మాట వినకుంట దిగుడంటే బాయి మీద ఎవలకు మనసొప్పకపోయేది.

ఆ మల్లేటి వానకాలం గోదావరి ఒడ్లు దాకి పారింది. మా బాయి పక్కనే పని అయిపోయి మూసేసిన పాత బాయి ఉండె. దాన్నిండ వాననీళ్లు నిలిచినయి. ఒకనాడు ఫస్టు షిఫ్టుల నడుమ గోడ పగిలి ఆ నీళ్లన్ని మా బాయిలకు దుంకినయి. సైరన్ మోగింది. షిఫ్టు సైరన్ కాదది, ఆగకుంట మోగేది. అది వింటే పొయ్యి మీది కూర పొయ్యి మీదనే, చంకల పిల్ల చంకలనే, ఆడోళ్లంత వానల ఉరికిండ్రు. నేను, నా దోస్తు చేతులు పట్టుకొని ఉరికినం. దాని బాపు, మా పక్కింటి కాక, లోపలున్నడు.

చానమంది పైకి వచ్చిండ్రు. ఒక గుంపు రాలే. తొవ్వంతా నీళ్లు నిండి వాళ్లు ఏడ ఉన్నరో, ఉన్నరో లేరో తెలుస్తలేదన్నరు. మోటార్లు పెట్టి నీళ్లు తోడుతున్నరు. ఆడోళ్లు బాయి మూతి కాడికి ఎగబడుతుంటే ఆఫీసర్లు ఆపలేకపోతున్నరు. గప్పుడు మా అమ్మ లాంపు రూంలకెల్లి బయటికి వచ్చింది. నేల మీద పొర్లుతున్న చిన్నమ్మను రెండు చేతులతోని లేపి, మైసమ్మ గద్దె కాడికి నడిపిచ్చుకొచ్చింది. ఒక్కొక్కలనే అట్లనే తెచ్చి ఆ రేకు కింద కూసోబెట్టింది.

"ఏడ్వుండ్రి. ఎంతన్న ఏడ్వుండ్రి. కాని ఎవలు ఒక్కతె కూసోని ఏడ్వద్దు" అన్నది.

చిన్నమ్మ అమ్మ చెయ్యి ఇదిలిచ్చి కొట్టింది. "నీ మొగడు రాకపాయె గదక్కా! నీ దేవత ఏం చేసింది? ఇప్పుడు నా మొగన్ని తెస్తదా?"

అమ్మకు కోపం రాలే.

"రాలే చెల్లె. ఆయన రాలే. నీ పెనిమిటి వస్తడని నేను చెప్పలేను, అబద్ధం చెప్ప. కాని ఆయన రాకున్నా ఈ తల్లి నన్ను ఇడిసిపెట్టలే. గది ఒక్కటి నాకు తెలుసు. నీళ్ల లోపల నీ పెనిమిటి కాడ గూడ కూసున్నది, ఈడ నీ కాడ గూడ కూసున్నది. నా ఒళ్లె తలపెట్టు."

చిన్నమ్మ తలపెట్టింది.

ఇగ అమ్మ నా దిక్కు తిరిగి, "ఉరుకు, బాపమ్మను పెద్ద గంజు తెమ్మను, జొన్నపిండి తెమ్మను" అన్నది. "ఎందుకమ్మా?" అంటే, "అంబలి కాయాలె. వచ్చేటోళ్లకు కడుపుల ఏం ఉండది" అన్నది. ఆ మాటకు ఒకామె ఏడుపు ఆపి తల లేపింది. "మా ఇంట్ల పిండి ఉన్నది" అన్నది. ఇంకొకామె బొగ్గులు తెస్త అన్నది. వాన పడుతుంటే రేకు కింద పొయ్యి పెట్టిండ్రు. కలపనీకి ఒకలు, కట్టె పట్టనీకి ఒకలు, రాత్రంతా ఆ పొయ్యి ఆరకుంట చూసుకున్నరు. అంబలి చిక్కనైతే నీళ్లు పోసుడు, మల్ల కాచుడు. చేతులకు పని దొరికినంక ఆడోళ్ల గొంతులకు పాట దొరికింది. బాపమ్మ ఎత్తుకున్నది, మైసమ్మ పాట. చిన్నమ్మ గూడ సన్నగ అందుకున్నది.

తెల్లారి ఎండ వచ్చింది. మధ్యాహ్నానికి నీళ్లు దిగినయని, మనుషులు లోపలికి పోయిండ్రని అన్నరు. పాట గూడ ఆగింది. గప్పుడు బాయి మూతిల, ఆ చీకట్ల, ఒక చిన్న లైటు కనబడ్డది. దాని ఎనుక ఇంకొకటి. ఊగుకుంట ఊగుకుంట పైకొస్తున్నయి. నా దోస్తు "బాపూ!" అని కేక పెట్టింది. నడక చూసి పట్టింది అది, నా లెక్కనే.

అందరు వచ్చిండ్రు. ఒక్కలు తగ్గలే. వణుకుకుంట, ఒకని భుజం మీద ఒకడు చెయ్యేసుకొని వచ్చిండ్రు. ఎత్తుమీద ఒక మూలకు ఎక్కి, నడుములదాక నీళ్లల్ల ఒకలనొకలు పట్టుకొని నిలబడ్డరట. "అక్క లైటు ఇచ్చుకుంట తల్లి తోడున్నదన్నది గదా, గదే అనుకుంట నిలబడ్డం" అని కాక చెప్పిండు. అమ్మ ఒక్కొక్కల నెత్తి మీది లైటు తీసుకున్నది, చేతికి అంబలి ముంత ఇచ్చింది. చివరాయనకు ఇచ్చినంక బాయి మూతి దిక్కు ఒకసారి చూసింది. ఇంకొకాయన కోసం చూసిందని నాకు తెలుసు. తర్వాత కండ్లు తుడుచుకొని, "చిన్నమ్మకు గూడ ఇంత పొయ్యవే, నిన్నటి సంది తినలే" అని నాకు గంటె ఇచ్చింది.

మల్ల ఆషాఢం వచ్చింది. బాయి మీద మైసమ్మకు బోనాలు. బోనం అంటే కొత్తకుండల వండి, పసుపు రాసి, మీద దీపం పెట్టి ఆడోళ్లు నెత్తిన మోసుకపోయే నైవేద్యం. ఊరేగింపుల ముందు నడిచే మొదటి బోనం ఎప్పుడు ఎవలన్న ముత్తైదువదే. ఆ ఏడు చిన్నమ్మ, ఎనుక లైనంతటి ఆడోళ్లు మా ఇంటికి వచ్చిండ్రు. "మొదటి బోనం నీదే అక్కా" అన్నరు. అమ్మ ఎనుకకు జరిగింది. "వద్దు చెల్లె. ఎన్నడు లేనిది ఎందుకు? మాట పడాల్సొస్తది."

మాట రానే వచ్చింది. వాడ పెద్దమనిషి ఒకాయన గల్లీల నిలబడి, "మొగడు లేని ఆడిది మొదటి బోనం ఎత్తుడేంది? అరిష్టం గాదా?" అన్నడు. అంబలి ముంత అందుకున్న కాకనే ముంగటికి వచ్చిండు. "పెద్దయ్యా, నేను నీళ్లల్ల ఉన్ననాడు నా పెండ్లాన్ని ఒళ్లె పండవెట్టుకున్నది ఈమె. తల్లికి ఈమెకంటె దగ్గరి మనిషి ఎవలున్నరో చెప్పు, వాళ్లకే ఇద్దాం." ఆ పెద్దాయన తమ్ముడు గూడ ఆ గుంపులనే బయటికి వచ్చినోడు. ఆయన "డప్పులోళ్లను పిలువుండ్రి మరి, పొద్దెక్కుతున్నది" అన్నడు.

బాపమ్మ అమ్మను పీట మీద కూసోబెట్టింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి, తన కోడలి కాళ్లకు తన చేతులతోని పసుపు రాసింది. "అత్తా, నువ్వు నా కాళ్లు ముడుతవా" అని అమ్మ గుంజుకోబోతే, "ఊకో. నా కొడుకుంటే సంబురపడేటోడు" అన్నది. కొత్తకుండల బెల్లమన్నం, చుట్టు యాపమండలు, మీద దీపం. కుండ నెత్తికెక్కింది. డప్పులు దడదడ మోగినయి.

తర్వాత నా బతుకుల గూడ దుఃఖాలు రాకపోలేదు. నేనెవలను కోల్పోయిన్నో ఈడ చెప్ప. కాని ఏ దవాఖాన వరండాల కూసున్నా, ఏ దినాల ఇంట్ల కూసున్నా, నా పక్క జాగ ఖాళీగ లేదని నాకు తెలిసేది. పుస్తకాలు చదివి నేర్చుకున్నది కాదది. మా అమ్మ తిట్టి, ఏడ్చి, రాయికి నెత్తి ఆనిచ్చి తెచ్చిపెట్టిన ఆస్తి. అమ్మ నిండు ముసలితనం దాక బతికి, ఒక పొద్దున ఆ తల్లితోని మాట్లాడుకుంటనే కన్నుమూసింది. నాకు మాత్రం ఆమె యాదికొచ్చినప్పుడల్ల ముసలామె కనబడది, ఆ బోనాలనాటి అమ్మనే కనబడుతది.

కుండకు చెయ్యి పట్టకుంట, రెండు చేతులు ఇడిసిపెట్టి నడుస్తున్నది. తొవ్వకు రెండు దిక్కుల బాయి కార్మికులు, వాళ్ల పిల్లలు, ముసలోళ్లు. ఆడోళ్లు బిందెలతోని ఆమె కాళ్ల మీద నీళ్లు పోస్తున్నరు. గద్దె చుట్టు తిరిగి వచ్చినంక డప్పులోళ్లు చెమటలు తుడుచుకుంట ఆగిండ్రు. చిన్నమ్మ ముంగటికి పోయి, "బరువైతుందా అక్కా, దించమంటవా?" అని కుండకు చేతులు పెట్టబోయింది.

అమ్మ నవ్వింది. బాపు ఉన్ననాటి నవ్వు అది, లైను చివరి దాక వినబడేది. బాపమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది.

"గప్పుడేనా? ఇంకో చుట్టు తిరుగుదాం!" అన్నది అమ్మ.

డప్పులు మల్ల మొదలైనయి.